వాగు పరీవాహకాన్ని ఊరే బాగుచేసుకోవాలంటే: నెల్లూరు, ప్రకాశం మెట్ట గ్రామాలకు దశలవారీ మార్గదర్శి

“మా వాగుకు చెక్‌డ్యాం కావాలంటే అర్జీ ఎవరికి పెట్టుకోవాలి?” ఉదయగిరి, దుత్తలూరు, వరికుంటపాడు వైపు నుంచి వచ్చినా, ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ల నుంచి వచ్చినా, నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఈ మాటతోనే మొదలవుతాయి. నేరుగా జవాబు చెప్పడం తేలికే గాని, చెబితే అడిగినవారికి మేలు జరగదు. చెక్‌డ్యాం ఈ పనుల వరుసలో చివర రావలసినది. పైన గుట్ట వాలు బోసిగా ఉండగా కింద వాగుకు అడ్డంగా గోడ లేపితే, రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి దాని వెనుక నిలిచేది నీరు కాదు, ఇసుక మేట.

అందుచేత ఈ మార్గదర్శి గుట్ట మీద మొదలై కిందికి దిగుతుంది. 300 నుంచి 1,000 ఎకరాల పరీవాహకం, అంటే వాన నీరు దిగి వచ్చి చేరే నేల, ఉన్న ఒక చిన్న వాగును, దాని నీటితో నిండే ఒక చెరువును దృష్టిలో పెట్టుకొని రాశాను. బొగ్గేరు, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ వంటి ఏళ్లను ఏ ఒక్క ఊరూ బాగుచేయజాలదు. వాటిలో కలిసే వంకల్లో ఒకదానిని మాత్రం ఏ ఊరైనా బాగుచేసుకోగలదు.

1. ముందుగా కాలం లెక్క

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ప్రకాశం జిల్లాలో నైరుతి, ఈశాన్యాల వాటాలు ఇంచుమించు సమానం. జూన్ నాటికి పనులు ముగించాలని చెప్పే ఉత్తరాది పుస్తకాలు మనకు సరిపోకపోవడానికి కారణం ఇదే. మన అసలు గడువు చిత్త కార్తె, అంటే అక్టోబరు రెండో వారం.

ఇక్కడ వాన పడే తీరు కూడా వేరు. ఒక వాయుగుండం తీరం దాటితే నెలకు పడవలసిన వాన రెండు రోజుల్లో పడుతుంది. 2021 నవంబరులో పెన్నా పరీవాహకమంతటా జరిగింది అదే. ఏ కట్టడమైనా సగటు వానకు కాదు, అటువంటి రాత్రికి నిలబడాలి.

పనులను ఏడాదిలో ఇలా సర్దుకోవాలి.

- జనవరి నుంచి మార్చి వరకు: హద్దు గీయడం, బావుల కొలతలు, ఊరి సమావేశాలు, అనుమతుల కాగితాలు.
- ఏప్రిల్ నుంచి జూన్ వరకు: కందకాలు, రాతి కట్టలు, చెరువు పూడికతీత, మొక్కల గుంతలు.
- జులై నుంచి సెప్టెంబరు వరకు: నైరుతి వానలకు కట్టడాలు ఎలా తట్టుకున్నాయో చూసి సరిదిద్దడం, మొక్కలు నాటడం.
- అక్టోబరు నుంచి డిసెంబరు వరకు: కొత్తగా గడ్డపార వేయరాదు. కాపలా, కొలతలు, అత్యవసర మరమ్మతులు మాత్రమే.

మొదటి ఏడు మార్చి దాటినా ఒప్పందాలు కుదరకపోతే ఆ వేసవిని వదులుకోవడమే మంచిది. తొందరపడి సగం చేసిన మట్టి పని, చేయని పనికంటే ఎక్కువ నష్టం తెస్తుంది.

2. పరీవాహకం హద్దు గీయడం

పరీవాహకం హద్దుకూ రెవెన్యూ గ్రామం హద్దుకూ సంబంధం లేదు. వాన చుక్క ఏ గట్టు మీద పడితే ఇటు మన వాగులోకి, అటు పక్క వాగులోకి పోతుందో ఆ గట్టే హద్దు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు చూసి, ఇస్రో వారి భువన్ ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చి, పెన్సిలుతో ముందు ఒక గీత గీసుకోవాలి.

తరువాత ఆ గీత వెంట నడవాలి. దీనికి బదులుగా ఏ పటమూ పనికిరాదు. జీవాలు కాసేవారిని ఇద్దరిని, డెబ్బై దాటిన రైతును ఒకరిని, గ్రామ సర్వేయరును వెంట తీసుకొని ఉదయం ఆరింటికి బయలుదేరితే 500 ఎకరాల హద్దు ఒక పూటలో తిరగవచ్చు. పటంలో కనిపించని ఊటలు, పూడిపోయిన పాత కుంటలు, ఎవరో రోడ్డు వేసి దారి మళ్లించిన వంకలు ఈ నడకలోనే బయటపడతాయి.

వెలిగొండల అంచున ఉన్న ఊళ్లకు ఒక హెచ్చరిక. గుట్ట రిజర్వు అడవి అయితే అటవీ శాఖవారికి ముందుగా తెలియజేయకుండా లోపలికి పోవద్దు. ఎర్రచందనం ఉన్న కొండల్లో టేపులూ కర్రలూ పట్టుకొని తిరిగే పదిమందిని ఎవరైనా అనుమానిస్తారు, అది వారి తప్పు కాదు.

నడక నుంచి తిరిగి వచ్చేటప్పటికి ఇవి చేతిలో ఉండాలి.

- హద్దు గీత, వంకలన్నీ, ప్రతి వంక వాగులో కలిసే చోటు గుర్తించిన పటం.
- భూమి ఎవరిదో సర్వే నంబర్లతో జాబితా: పట్టా, వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, అడవి.
- మట్టి కోసుకుపోతున్న చోట్లు, రాయి దొరికే చోట్లు, జీవాలు దిగే దారులు.

3. నీటి లెక్క వేసుకోవడం

ఈ లెక్క ఊరందరి ముందు బోర్డు మీద వేయాలి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,047 లీటర్లు. 400 ఎకరాల గుట్ట వాలు మీద ఒక రాత్రి 60 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 9.7 కోట్ల లీటర్లు. అందులో ఐదో వంతు మాత్రమే నేల మీద పారిందనుకున్నా 1.9 కోట్ల లీటర్లు వాగులోకి దిగుతాయి.

ఇప్పుడు 15 మీటర్ల వెడల్పున, మీటరు ఎత్తున, ఎగువకు 100 మీటర్ల దాకా నీరు నిలిచే ఒక చెక్‌డ్యాంను తీసుకుందాం. ఎగువకు పోయేకొద్దీ లోతు తగ్గుతుంది కనుక అందులో పట్టేది 750 ఘనపు మీటర్లు, అంటే ఏడున్నర లక్షల లీటర్లు. ఆ రాత్రి వచ్చిన నీటిలో అది పాతికో వంతు.

3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల ఒక కందకంలో 750 లీటర్లు పడతాయి. వెయ్యి కందకాలు ఒక చెక్‌డ్యాంతో సమానం. పైగా అవి మట్టిని పుట్టిన చోటే ఆపుతాయి, నీటిని గుట్ట పాదంలో ఉన్న పొలాల కింద ఇంకిస్తాయి. పలుగూ పారా తప్ప వాటికి వేరే సామాను అక్కరలేదు. “ముందు గుట్ట, తరువాతే వాగు” అనే మాట ఈ లెక్క చూశాక ఎవరికీ విడమరిచి చెప్పవలసిన అవసరం ఉండదు.

4. కమిటీ, ఒప్పందాలు, అనుమతులు

కమిటీలో ఆయకట్టు రైతులే నిండిపోతే పని మొదటి ఏడాదే ఆగుతుంది. గుట్ట కింద మెట్ట పొలాలవారు, జీవాలు ఉన్నవారు, కట్టెలకు పోయే ఆడవారు, చెరువులో చేపలు పట్టే సంఘంవారు, ఉపాధి హామీ పనుల జట్టు పెద్దలైన మేటీలు తప్పనిసరిగా ఉండాలి. చెరువుకు నీటి వినియోగదారుల సంఘం ఉంటే దాని అధ్యక్షుడిని కలుపుకోవాలి. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం ప్రకారం ఆ సంఘానికి చెరువు నిర్వహణలో హక్కూ బాధ్యతా రెండూ ఉన్నాయి.

“గుట్ట మూసేస్తే మా జీవాలు ఏడికి పోవాల సామీ?” అని మొదటి సమావేశంలోనే ఒకరు అడుగుతారు. అడగకపోతే వారు సమావేశానికి రాలేదని అర్థం, వెతికి పిలుచుకు రావాలి. దీనికి పనిచేసిన మార్గం ఒకటే. గుట్టను మూడు ముక్కలు చేసి ఒక ముక్కను మాత్రమే మూడేళ్లు మేపుకు మూయాలి. మూసిన ముక్కలో గడ్డిని కోసుకుపోయే హక్కు జీవాలు ఉన్న ఇళ్లకే ఇవ్వాలి. జీవాలు దిగే దారిని, నీళ్లు తాగే రేవును కాగితం మీద రాసి విడిచిపెట్టాలి.

దిగువ ఊరితోనూ రాతపూర్వక ఒప్పందం కావాలి. మన చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు కలుజు, అంటే నిండాక మిగులు నీరు పొర్లే చోటు, పారితే ఆ నీరే కింది చెరువుకు వరవ, అంటే వచ్చి చేరే నీరు. పైవారు వాగును ఎక్కడికక్కడ ఆపితే కిందివారు గడ్డపారలతో వస్తారు, వారి కోపంలో న్యాయం ఉంటుంది. గుట్ట మీద కందకాలకు సాధారణంగా అభ్యంతరం రాదు. ప్రధాన వాగు మీద ఏది కట్టినా దాని ఎత్తు, చోటు వారికి చూపించి సంతకాలు తీసుకోవాలి.

అనుమతులకు సంబంధించి చూసుకోవలసినవి:

- గ్రామసభ తీర్మానం, సర్వే నంబర్లతో, తేదీతో. “వాగు అభివృద్ధి పనులు” అని మొత్తంగా రాస్తే చెల్లదు, ఒక్కో పనిని విడిగా రాయాలి.
- పోరంబోకు భూమిలో పనికి తహసీల్దారుకు, అడవిలో పనికి అటవీ శాఖకు అర్జీ.
- చెరువు ఏ శాఖ కింద ఉందో తేల్చుకొని ఆ ఇంజనీరుకు పూడికతీత సమాచారం.
- ఉపాధి పనిగా చేయదలిస్తే ఆ ఏటి నిబంధనలు ఎంపీడీవో కార్యాలయంలో కనుక్కోవడం. పథకం నియమాలు మారుతూ ఉంటాయి, పోయినేటి కాగితం నమ్ముకోవద్దు.
- పట్టా పొలంలో కందకం తవ్వితే ఆ రైతు సంతకం.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్యాంకు ఖాతా మూడు సంతకాలతో ఉండాలి, వాటిలో ఒకటి మహిళది కావాలి. ఖర్చులు ప్రతి నెలా పంచాయతీ గోడ మీద అంటించాలి.

5. గుట్ట మీద కందకాలు

కందకం సమమట్టంలో ఉండాలి. కంటి అంచనాతో తవ్విన కందకం ఒక చివరకు వాలుతుంది, నీరంతా అటు చేరి గట్టు తెంపుకొని కొత్త వంకను పుట్టిస్తుంది. అందుకే ముందు ఇంగ్లీషు ‘ఏ’ (A) అక్షరం ఆకారపు చట్రం ఒకటి తయారు చేసుకోవాలి. ఖర్చు లేదు, గంట పని.

రెండు మీటర్లకు కొంచెం మించిన వెదురు కర్రలు రెండు తీసుకొని పైకొసలు కలిపి కట్టాలి. కాళ్ల మధ్య రెండు మీటర్ల ఎడం ఉంచి, నడుము ఎత్తున ఒక అడ్డకర్ర బిగించాలి. పైముడి నుంచి దారంతో ఒక రాయి వేలాడదీస్తే దారం అడ్డకర్రను తాకుతూ ఊగుతుంది.

ఇప్పుడు దానిని సరిచేయాలి. చట్రాన్ని నేల మీద నిలిపి, రెండు కాళ్ల కింద రెండు మేకులు కొట్టి, దారం అడ్డకర్ర మీద ఎక్కడ నిలిచిందో గీత పెట్టాలి. చట్రాన్ని తిప్పి ఎడమ కాలు ఉన్న మేకు దగ్గర కుడి కాలు పెట్టి మళ్లీ గీత పెట్టాలి. రెండు గీతలకు సరిగ్గా మధ్య బిందువే సమమట్టం గుర్తు. గాలి వీస్తుంటే దారం నిలవదు, ఈ పనిని తెల్లవారుజామున చేసుకోవాలి.

గుట్ట పైభాగం నుంచి మొదలుపెట్టి, దారం మధ్య గుర్తు మీద నిలిచేటట్లు ఒక్కో కాలు తిప్పుకుంటూ పోతూ ప్రతి అడుగుకూ సున్నం వేస్తే సమోన్నత రేఖ నేల మీద కనిపిస్తుంది. రేఖకూ రేఖకూ మధ్య 8 నుంచి 10 మీటర్లు ఉండాలి, వాలు ఎక్కువైతే తగ్గించాలి. ఒక వరుసలో కందకాల మధ్య వదిలిన ఖాళీకి ఎదురుగా కింది వరుసలో కందకం రావాలి.

తవ్వేటప్పుడు పాటించవలసినవి:

- తవ్విన మట్టి దిగువ వైపునే వేయాలి, కందకం అంచుకు ఒక అడుగు వదిలి. ఎగువన వేసిన మట్టి మొదటి వానకే తిరిగి కందకంలో పడుతుంది.
- ఉన్న చెట్టును, పొదను తప్పించి తవ్వాలి. కందకం కోసం చెట్టు కొట్టడం అసలు ఉద్దేశానికే విరుద్ధం.
- నూరు అడుగులకు పాతిక అడుగులు మించి దిగే నిటారు వాలులో తవ్వరాదు. అక్కడ గడ్డి, పొదలు పెరగనివ్వడమే పని.
- మట్టి గట్టు మీద అదే వారంలో గడ్డి గింజలు, సీతాఫలం, వేప విత్తనాలు చల్లాలి.

పొక్లెయినుతో తొందరగా అవుతుందని కొందరు ముందుకొస్తారు. గుట్ట మీదకు యంత్రం ఎక్కడానికి వేసిన దారే తరువాత పెద్ద వంకగా మారడం నేను రెండు చోట్ల చూశాను. గుట్ట మీద మనుషుల పనే మంచిది.

6. వంకల్లో రాతి కట్టలు

గుట్ట నుంచి దిగే చిన్న వంకల్లో, అంటే పాతిక ఎకరాల లోపు నీరు వచ్చే చోట్ల, సిమెంటు లేని రాతి కట్టలు చాలు. ఉపాధి కాగితాల్లో వీటిని రాక్‌ఫిల్ డ్యాములు అంటారు. ఇవి నీటిని నిలపడానికి కాదు, నీటి దూకుడు తగ్గించి మట్టిని ఆపడానికి. ఎత్తు మీటరు మించరాదు.

ఎంత ఎడంలో కట్టాలన్నది వాలు చెబుతుంది. కింది కట్ట పైభాగం, దాని ఎగువన ఉన్న కట్ట అడుగుభాగంతో సమమట్టంలో ఉండాలి. నూరు మీటర్లకు 4 మీటర్లు దిగే వంకలో మీటరు ఎత్తు కట్టలు పాతిక మీటర్లకు ఒకటి వస్తాయి. నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో ఈ మట్టం చూసుకోవచ్చు, మేస్త్రీల దగ్గర ఉంటుంది.

కట్టే క్రమం ఇది. వంక అడుగున ఒక అడుగు లోతు పునాది తీయాలి. రెండు గట్లలోకీ అర మీటరు చొప్పున లోపలికి తవ్వి రాతిని దిగవేయాలి. పెద్ద రాళ్లు దిగువ వైపు, చిన్నవి లోపల వేయాలి. దిగువ వాలు ఎత్తుకు మూడింతలు సాగాలి, ఎగువ వాలు ఎత్తుతో సమానంగా ఉంటే చాలు. గుండ్రటి ఏటి రాళ్లు వాడవద్దు, కోణాలున్న రాళ్లే ఒకదానికొకటి పట్టుకుంటాయి. పొలాల్లో ఏరి గట్ల మీద పోసినవి ఇందుకు బాగుంటాయి. చీమకుర్తి వైపు ఊళ్లకు గ్రానైట్ క్వారీల వ్యర్థపు రాయి దగ్గరే దొరుకుతుంది, దూరపు ఊళ్లకు లారీ బాడుగే ఎక్కువవుతుంది. గుట్ట వాలు మీద మట్టిని పట్టుకొని ఉన్న రాళ్లను మాత్రం పెకలించరాదు.

అన్నిటికంటే ముఖ్యం, కట్ట నడుము రెండు చివరలకంటే ఒక అడుగు తగ్గి ఉండాలి. నేను చేయించిన మొదటి కట్టకు ఈ సంగతి తెలియక పైభాగం బల్లలా చదునుగా పేర్పించాను. చూడడానికి ముచ్చటగా ఉండేది, ఊరంతా వచ్చి ఫొటోలు దిగారు. నవంబరులో ఒక రాత్రి వానకు నీరు నడుమ నుంచి కాక ఎడమ చివర నుంచి దిగి, గట్టును కోసి, పక్క చేలో నాలుగు సాళ్ల కందిని మట్టితో సహా తీసుకుపోయింది. కట్ట మాత్రం చెక్కుచెదరకుండా వంక మధ్యలో నిలబడే ఉంది, నీరు దాని పక్కనుంచి పోతూ ఉంది. ఆ రైతుకు జవాబు చెప్పుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది.

పూర్తయిన కట్ట మీద ఒక మనిషి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూడాలి. కాలు పెడితే కదిలే రాయి ఒక్కటి ఉన్నా తీసి మళ్లీ పేర్చాలి.

7. వాగు గట్లు, కంపచెట్లు, మొక్కలు

వాగు గట్ల మీద అల్లుకున్న సర్కారు తుమ్మను ఒకేసారి మొత్తం కొట్టేయాలని అందరికీ ఆత్రం. వానలకు ముందు అలా చేస్తే గట్టు పట్టు కోల్పోయి కూలుతుంది. ఒక గట్టు ఈ ఏడు, రెండో గట్టు వచ్చే ఏడు తీయాలి. తీసిన చోట ఆ ఏడే మొక్క పడాలి.

నేలమట్టానికి కొడితే మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. మొదలు చుట్టూ తవ్వి, నేలకు ఒక అడుగు లోతున వేరును నరికి మోడును పెకలించాలి. కట్టెకు, బొగ్గుకు గిరాకీ ఉంది కనుక కూలి ఖర్చు దానితోనే గిట్టుబాటవుతుంది. అయితే పోరంబోకులోని కట్టె పంచాయతీ ద్వారా బహిరంగ వేలంలోనే అమ్మాలి. కమిటీ సభ్యుడు తనకు తాను అమ్ముకున్నాడన్న మాట ఒక్కటి పుడితే మిగతా పని సాగదు.

నీటి అంచున వట్టివేరు, రెల్లు, వావిలి నాటాలి. గట్టు మీద కానుగ, నేరేడు, ఏరుమద్ది, వాటి వెనుక తాటి, ఈత, వేప వేయాలి. కానుగను, వావిలిని జీవాలు అంతగా ముట్టవు కనుక కాపలా తక్కువ ఉన్న చోట వాటితోనే మొదలుపెట్టాలి. తాటి టెంకలు పండ్లు రాలే రోజుల్లో ఏరి వెంటనే పాతితే చాలు, నీళ్లు పోయనక్కరలేదు. గుంతలు మే నెలలోనే తీసి ఎండకు వదలాలి, మొక్కను సెప్టెంబరులో మంచి వాన పడ్డాక నాటాలి.

జామాయిల్‌ను వాగు పక్కన వేయవద్దు. రెండు జిల్లాల్లోనూ అది రైతులకు డబ్బు ఇచ్చిన చెట్టే, కాదనను. కాని ఊట కోసం ఇంత శ్రమపడి, ఆ ఊట మీదే లోతు వేరు చెట్టును పెట్టడంలో అర్థం లేదు.

ఊరి మురుగు వాగులో కలిసే చోట ఇనుప జాలీ, దానికి ముందు ఒక ఇంకుడు గుంత పెట్టాలి. జాలీకి పట్టిన చెత్తను వారానికి ఒకసారి తీసే మనిషి లేకపోతే జాలీ పెట్టకపోవడమే నయం.

8. చెరువు: వరవ కాలువ, పూడిక, కలుజు

చెరువు నిండకపోతే ముందు చూడవలసింది వరవ కాలువను, అంటే వాగు నుంచి చెరువుకు నీరు తెచ్చే కాలువను. సర్వేయరుతో గ్రామ పటం ప్రకారం దాని వెడల్పు కొలిపించాలి. ఆక్రమించినవారి పేర్లు సమావేశంలో చదవవద్దు. ఇంటికి వెళ్లి, కొలత రాళ్లు చూపించి, పంట కోసుకునే దాకా గడువు ఇస్తే చాలామంది వదులుతారు.

పూడికతీతకు ముందు చెరువులో నాలుగైదు చోట్ల మీటరు లోతు గుంతలు తీసి పొరలు చూడాలి. పైన నల్లటి ఒండ్రు, దాని కింద జిగటమట్టి, ఇంకా కింద గరప కనిపిస్తాయి. జిగటమట్టి తగలగానే ఆగాలి. అది చెరువు అడుగున ఉన్న మూత వంటిది, దానిని చీల్చితే నీరు నిలవదు. కట్ట అడుగు నుంచి కనీసం 10 మీటర్లు వదిలి తవ్వాలి. ఒండ్రు ముందుగా గుట్ట కింద మెట్ట రైతుల పొలాలకు పోవాలి. కందకాలకు భూమి ఇచ్చింది వారే కదా. మట్టి పరీక్షలో చవుడు తేలితే ఎవరి పొలానికీ తోలవద్దు.

కలుజు విషయంలో ప్రతి ఏటా జరిగే పొరపాటు ఒకటుంది. చెరువు నిండే వేళకు ఇంకొక అడుగు నీరు ఆగుతుందని కలుజు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. ఆ రాత్రి వాయుగుండం వాన పడితే నీరు కట్ట మీదుగా పొర్లి కట్టే తెగుతుంది. బస్తాలు వేయరాదని తీర్మానంలో రాసి, కలుజు పారే రోజుల్లో చెరువు నీటిని చూసుకునే లస్కరుకు తోడుగా ఇద్దరిని కాపలా ఉంచాలి.

9. ఇంకిన నీటిని కాపాడుకోవడం

పై పనులన్నీ చేసి, చెరువు వెనుక పది కొత్త బోర్లు వేస్తే ఫలితం సున్నా. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల సాగుకు సొంత బోరు వేయరాదు. ఇసుక విషయంలో వాల్టా నియమాలు వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపల తవ్వకాన్ని నిషేధించాయి. వాగులోని ఇసుకే నీటిని పట్టి ఉంచే పొర కనుక ఊరి అవసరాలకు తీసుకునే బండ్లకు కూడా చోటు, లోతు కమిటీ నిర్ణయించాలి.

పంటల సంగతి చట్టంతో తేలేది కాదు. ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే 48 లక్షల లీటర్లు. మూడో దశలో లెక్కించిన చెక్‌డ్యాం ఆరుసార్లు నిండినా ఒక్క ఎకరం వరికి చాలీచాలని నీరే. శనగకు, కొర్రకు అందులో మూడో వంతు లోపే సరిపోతుంది. ప్రకాశంతో సహా ఏడు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో రైతులే వానను, బోర్లను కొలిచి రబీకి ముందు పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. నవంబరు చివర బావుల మట్టాలు చదివి, ఎన్ని ఎకరాల వరికి నీరుందో చెప్పి ఊరుకోవాలి. ఎవరు వేయాలో కమిటీ చెప్పబోతే గొడవే.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇంకుడు పనులతో ఫ్లోరైడ్ పోతుందని ఎవరికీ మాట ఇవ్వవద్దు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రమాణం, ఏడాదికి రెండుసార్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి.

10. కొలతలు, మరమ్మతులు

వానమాపకం బడి ఆవరణలో, చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టి ప్రతిరోజూ ఉదయం 8.30కి చదవాలి. ఎనిమిది నుంచి పది బావులను ఎంచుకొని మే నెలలో, నవంబరు చివర, జనవరిలో మట్టం కొలవాలి. మోటారు వేయకముందే, తెల్లవారుజామున, ప్రతిసారీ గట్టు మీద అదే గుర్తు నుంచి కొలవాలి. టేపు చివర చిన్న ఇత్తడి గిన్నె బోర్లించి కడితే నీటిని తాకగానే ‘టప్’మని వినిపిస్తుంది, చీకటి బావిలో కళ్లకంటే చెవే నమ్మకం.

ప్రతి పెద్ద వాన మరునాడు ఇద్దరు మనుషులు గుట్ట నుంచి చెరువు దాకా నడిచి జారిన రాయి, తెగిన గట్టు, నిండిన కందకం రాసుకురావాలి. సెప్టెంబరు ఆఖరులో ఇంటికో మనిషి చొప్పున ఒక రోజు కందకాల మట్టి ఎత్తాలి. ఈ రెండు పనులకు పేర్లు ఖరారు కాని ఊళ్లో మూడో ఏటికి కందకాల ఆనవాలు కూడా మిగలదు.

11. ఇప్పుడు చెక్‌డ్యాం అర్జీ

రెండు వానాకాలాలు గడిచి, రాతి కట్టల వెనుక మట్టి ఆగి, వాగులో పారే నీరు ఎర్రగా కాక తేటగా దిగుతుంటే, చెక్‌డ్యాం అవసరమో కాదో అప్పుడు చూడాలి. కొన్ని ఊళ్లకు అవసరం ఉండదు. ఉంటే, వాగు తిన్నగా పారే చోటు, రెండు గట్లూ గట్టిగా ఉన్న చోటు, తక్కువ లోతులోనే బండ తగిలే చోటు ఎంచుకోవాలి. వంపులో కట్టకూడదు.

అర్జీ గ్రామసభ తీర్మానంతో ఎంపీడీవో కార్యాలయానికి గాని, జలవనరుల శాఖకు గాని ఇవ్వాలి. దానికి జతచేయవలసినవి ఇవి.

- పరీవాహకం పటం, ఎగువన పూర్తిచేసిన కందకాల, కట్టల లెక్క.
- రెండేళ్ల వాన, బావుల మట్టాల నకలు.
- దిగువ ఊరి ఒప్పందం నకలు.
- ప్రతి వేసవిలో దాని వెనుక ఇసుక మేట తీసే బాధ్యత ఎవరిదో, వారి సంతకంతో.

ఆ చివరి కాగితం ఏ ఆఫీసూ అడగదు. అయినా పెట్టండి.